పొలిమేర మీద పర్చూరు



చీరాల నుంచి చిలకలూరిపేట వెళ్లే బస్సు కారంచేడు దాటాక పర్చూరులో ఆగుతుంది. పురుగుమందుల కొట్టుకు వచ్చిన రైతు దిగుతాడు. ఇంకొల్లు వైపు మారాల్సిన టీచరమ్మ దిగుతుంది. గుంటూరు ఆసుపత్రికి పోయేవాళ్లు ఎక్కుతారు. ఊరు చూద్దామని దిగేవాళ్లు మాత్రం కనపడరు. పర్చూరులో చూడటానికి ఏముందని అడిగితే ఆ ఊరివాళ్లే కాసేపు ఆలోచించి, చీరాల వెళ్లండి, సముద్రం ఉంది అంటారు.

గుంటూరు జిల్లా మీద వచ్చిన పుస్తకం ఏదైనా తిరగేయండి. అమరావతి ఉంటుంది, కొండవీడు ఉంటుంది, కోటప్పకొండ తిరునాళ్ల ప్రభలు ఉంటాయి. ప్రకాశం జిల్లా పుస్తకం తీయండి. ఒంగోలు గిత్త, కంభం చెరువు, చీమకుర్తి నల్లరాయి. మధ్యలో ఉన్న పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు, యద్దనపూడి చివరి పేజీల్లో మండలాల పట్టికలో కనిపిస్తాయి. ఈ సీమలో చెప్పుకోవలసింది లేక ఇలా జరగలేదు. ఎప్పుడూ ఏదో ఒక హద్దు మీద ఉండటం వల్ల ఎవరి పుస్తకంలోనూ దీనికి చోటు సరిగా కుదరలేదు. ఈ పూట ఆ గీతలన్నీ పక్కన పెట్టి, పర్చూరు సెంటర్లో నిలబడి చుట్టూ చూద్దాం. సుమారు నలభై, యాభై కిలోమీటర్ల దూరంలో ఏమేమి ఉన్నాయో, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం ఏమిటో చెబుతాను.

ముందు గీతల సంగతి. గుంటూరు జిల్లా 1859లో రద్దయి కృష్ణా జిల్లాలో కలిసిపోయింది. 1904లో మళ్లీ పుట్టింది. నెల్లూరు జిల్లాలో ఉన్న ఒంగోలు తాలూకాను కూడా అప్పుడే గుంటూరులో చేర్చారు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల, పర్చూరు ప్రాంతాలు. నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి. కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు తెచ్చి కలిపారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న మరో గీత గీశారు, పర్చూరు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. 1970కి ముందు పర్చూరులో పుట్టి ఇల్లు కదలని మనిషి మూడు జిల్లాల్లో బతికినట్టు లెక్క. రేషను కార్డు మీద జిల్లా పేరు మారింది, పొలం దస్తావేజు మీద మారింది, పిల్లల సర్టిఫికెట్ల మీద మారింది. పొలం మాత్రం అక్కడే ఉంది.

ఇంకా వెనక్కి పోతే జిల్లాలకు బదులు నాడులు ఉండేవి. వెలనాడు, కమ్మనాడు, పాకనాడు. ఆ పేర్లు మన ఇంటిపేర్లలో, శాఖల పేర్లలో ఇప్పటికీ బతికి ఉన్నాయి. ఆ నాడులు ఒకదాన్నొకటి తాకిన చోటు ఇంచుమించు ఇదే.

ఇలాంటి ఊళ్లు లోకంలో ఎన్నో ఉన్నాయి. జర్మనీకి తూర్పు చివర, నైసే నది ఒడ్డున గోర్లిట్స్ అని ఒక ఊరుంది. జనాభా యాభై వేల పైచిలుకు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా నదికి రెండు వైపులా ఉన్నది ఒకే ఊరు. 1945లో నది సరిహద్దయింది. పడమటి ఒడ్డు జర్మనీకి మిగిలింది, తూర్పు ఒడ్డు పోలండుకు పోయి జ్గోజెలెత్స్ అయింది. యుద్ధం ఆఖరి రోజుల్లో వంతెనలు పేల్చేశారు. అదృష్టం ఏమిటంటే ఊళ్లోని ఇళ్ల మీద పెద్దగా బాంబులు పడలేదు. అందుకే సుమారు నాలుగు వేల పాత కట్టడాలు ఇవాళ్టికీ నిలబడి ఉన్నాయి. పాతబస్తీ దగ్గర కూలిపోయిన వంతెనను 2004లో మళ్లీ కట్టారు. నదికి అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్లూ కలిసి, మాది ఒకే యూరపు నగరం అని 1998లోనే ప్రకటించుకున్నాయి. యాకోబ్ బోమె అనే చెప్పులు కుట్టే తత్వవేత్త నాలుగు వందల ఏళ్ల కిందట ఆ ఊళ్లో ఉండేవాడు. జర్మన్ తత్వశాస్త్రానికి ఆయన ఒక మూలపురుషుడు. ఆయన కాపురం ఉన్న ఇల్లు ఇప్పుడు పోలండు వైపున ఉంది. గోర్లిట్స్ వెళ్లినవాళ్లు వంతెన దాటి ఆ ఇల్లు చూసి వెనక్కి వస్తారు. ఊరి చరిత్ర చూడాలంటే గీత దాటక తప్పదని అక్కడివాళ్లకు అలవాటైపోయింది. మన పర్చూరు చరిత్రను కూడా అలాగే చూడాలన్నది నా మనవి.

మొదట మోటుపల్లి. పర్చూరు నుంచి చీరాల, వేటపాలెం మీదుగా వెళ్తే చినగంజాం మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లెటూరు. ఇప్పుడక్కడ ఓడలు లేవు, రేవు లేదు. ఇసుక, సరుగుడు తోటలు, చేపల వేట. ఎనిమిది వందల ఏళ్ల కిందట మాత్రం తెలుగుదేశపు పెద్ద రేవుల్లో అదొకటి. దేశియుయ్యకొండ పట్టణమని దానికి మరో పేరు. ఆ ఊరి వీరభద్రుడి గుళ్లో ఒక రాతిస్తంభం ఉంది. దాని మీద కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244-45లో వేయించిన శాసనం ఉంది. చరిత్ర పుస్తకాల్లో దాన్ని మోటుపల్లి అభయశాసనం అంటారు. కొంత సంస్కృతం, కొంత తెలుగు.

అందులో రాజు ఏమంటాడో నా మాటల్లో చెబుతాను. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, తాము అనుకోని ఒడ్డుకు కొట్టుకొస్తే, వెనకటి రాజులు వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారు. సముద్రం దాటే సాహసం చేసినవాళ్లకు ధనం ప్రాణం కన్నా ఎక్కువ. అందుచేత కీర్తి కోసం, ధర్మం కోసం, వాళ్ల మీద దయతో, న్యాయమైన సుంకం తప్ప తక్కినదంతా వదిలేస్తున్నాం. ఆ సుంకం కూడా ముప్పై పాళ్లకు ఒక పాలు. ఆ తరవాత సరుకుల పట్టీ మొదలవుతుంది. మంచిగంధం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు. ఏ సరుకుకు ఎంత సుంకమో విడివిడిగా చెక్కించాడు. గుమాస్తా తన ఇష్టం వచ్చినట్టు అడగటానికి వీల్లేకుండా, ధరల పట్టీని రాతి మీద, గుడిలో, అందరికీ కనపడేలా పెట్టించిన పరిపాలన అది. ఓడ పగిలి ఒడ్డున పడ్డ పరాయి మనిషి సొమ్ము ఎవరిదన్న ప్రశ్నకు ఈ నేల ఇచ్చిన జవాబు అక్కడుంది. అది ఈ సీమకే కాదు, తెలుగువాళ్లందరికీ గొప్ప ఆస్తి అని నేను నమ్ముతాను.

ఇంచుమించు యాభై ఏళ్లకు, గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి ఏలుబడిని గురించి వెనిస్ యాత్రికుడు మార్కోపోలో రాశాడు. మోటుపల్లిని ఆయన ముత్ఫిలి అన్నాడు. రాణి రాజుగారి భార్య అని పొరబడ్డాడు గానీ, ఆమె న్యాయాన్ని మాత్రం మెచ్చుకున్నాడు. ఇక్కడి సన్నటి నూలు బట్ట సాలెగూడులా ఉంటుందని, దాన్ని కట్టుకోవడానికి ఇష్టపడని రాజూ రాణీ లోకంలో ఉండరని రాశాడు. కాకతీయులు పోయాక రేవు దెబ్బతింది. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి వర్తకులకు మళ్లీ అభయమిస్తూ అక్కడే ఇంకో శాసనం వేయించాడు. రాజ్యం మారినా రేవుకు ఇచ్చిన మాట మారకూడదని ఆ రాజులకు తెలిసింది.

శాసనంలోని సరుకుల పట్టీలో మిరియాలు ఉన్నాయన్నాను. మిరపకాయ లేదు. ఉండే అవకాశమే లేదు. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో ఇండియాకు వచ్చింది, 1500 తరవాత. పొగాకూ అంతే. ఇవాళ పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు రైతుల బతుకును నడిపే రెండు పంటలూ సముద్రం దాటి వచ్చినవే. పత్తి మాత్రం మనది, కానీ ఇప్పుడు వేసేవి ఎక్కువగా అమెరికా జాతి పత్తితో తయారైన విత్తనాలు. శనగ పాత కాపు. నల్లరేగడి నేలకు తేమ పట్టుకునే గుణం ఉంది కాబట్టి, చలికాలంలో మంచు మీదే శనగ పండుతుంది. పండిన శనగలు ధర వచ్చేదాకా ఏసీ గోడౌన్లలో దాస్తారు. దూరం నుంచి పర్చూరు దారిలో వచ్చేవాళ్లకు కిటికీలు లేని ఆ పెద్ద పెద్ద కోల్డు స్టోరేజీలే ముందు కనపడతాయి.

ఫిబ్రవరిలో వస్తే పొలాల మధ్య మిరప కల్లాలు చూడండి. కాయను కోసి, నేల మీద పలచగా పరచి, తిరగదోడుతూ ఎండబెడతారు. ఆడకూలీలు కల్లం చుట్టూ కూర్చుని తాలుకాయ ఏరతారు. రంగు వెలిసిన కాయ, మచ్చ పడ్డ కాయ, తెల్లబడ్డ కాయ వేరే కుప్ప. ఎర్రగా, గలగలలాడుతూ ఉన్నది వేరే కుప్ప. చేతులు మండకుండా కొందరు గుడ్డ చుట్టుకుంటారు. ఏరినదాన్ని సంచుల్లోకి తొక్కి కుట్టి టిక్కీలు చేస్తారు. ఆ టిక్కీలు లారీ ఎక్కి గుంటూరు యార్డుకు పోతాయి. పొగాకు బేళ్లు ఒంగోలు వైపు వేలం కేంద్రాలకు పోతాయి. పత్తి చిలకలూరిపేట, మార్టూరు వైపు జిన్నింగు మిల్లులకు పోతుంది. పంటకొక దిక్కు. హద్దు మీది ఊరు రోజూ ఎలా బతుకుతుందో ఆ మూడు లారీలను చూస్తే తెలుస్తుంది.

పత్తి గురించి మాట్లాడుతూ 1987-88ని దాటిపోకూడదు. తెల్లదోమ పత్తిని తినేసింది. ఎన్నిసార్లు మందు కొట్టినా ఆగలేదు, కొట్టినకొద్దీ ఎక్కువైంది. పురుగుమందుల కొట్లలో అప్పు, కౌలు అప్పు మీద పడి ఈ గుంటూరు, ప్రకాశం పత్తి పల్లెల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పత్తి రైతుల ఆత్మహత్యల గురించి దేశం మాట్లాడటం మొదలుపెట్టింది అప్పుడే. ఈ ప్రాంతపు చరిత్ర చెప్పేవాళ్లు కోటలతో పాటు ఆ కొట్లనూ ఆ ఖాతా పుస్తకాలనూ గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు పడమటికి, అద్దంకికి వెళ్దాం. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఊరు. తెలుగు సాహిత్యం చదివిన ప్రతివాళ్లకూ అద్దంకి శాసనం పేరు తెలుసు. తూర్పు చాళుక్య గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు 848 ప్రాంతంలో వేయించింది. నన్నయ భారతం మొదలుపెట్టడానికి రెండు వందల ఏళ్ల ముందు, తరువోజ ఛందస్సులో పద్యం రాతి మీదకు ఎక్కింది. దాన్ని పద్యంగా అందరూ చదువుతారు. సరిహద్దు యుద్ధపు వార్తగా కూడా చదవండి. బోయల పన్నెండు కోటలు పట్టుకున్నానని, కందుకూరును బెజవాడ అంతటిదాన్ని చేశానని ఆ సేనాని చెప్పుకున్నాడు. అంటే తూర్పు చాళుక్యుల వేంగి రాజ్యపు దక్షిణపు అంచు ఈ చుట్టుపక్కలే ఉండేది, ఆ అంచును ఇంకా కిందికి జరిపే పని మీద అతను వచ్చాడు. ఒక భట్టారకుడికి ఎనభై పుట్ల నేల దానమిచ్చానని కూడా ఉంది. పుట్టి కొలత ఈ పల్లెల్లో పెద్దవాళ్ల నోట నిన్నమొన్నటి దాకా వినపడింది.

తెలుగులో అందుబాటులో ఉన్న తొలి పద్యాల్లో ఒకటి ఏ రాజధానిలోనో కాకుండా, కోటలు చేతులు మారుతున్న హద్దు భూమిలో పుట్టింది. దీన్ని మనం తగినంత గట్టిగా చెప్పుకోవడం లేదు. అయిదు వందల ఏళ్లకు అదే అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి రెడ్డిరాజ్యానికి పునాది వేశాడు, 1325లో. కాకతీయ రాజ్యం కూలి రెండేళ్లు. ఎర్రాప్రగడ ఆయన ఆస్థానంలోనే ఉండి హరివంశం రాసి ఆయనకు అంకితమిచ్చాడు. తరవాత రాజధాని కొండవీడుకు మారింది. అద్దంకి నుంచి కొండవీడు పోయే దారి ఈ నల్లరేగడి మీదుగానే.

మళ్లీ తూర్పుకు. చీరాల పేరు చెబితే అందరికీ చీరలే గుర్తొస్తాయి, అది న్యాయమే. కుప్పడం చీరలు ఇప్పటికీ నేస్తున్నారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తేలియా రుమాలు. నూలును నూనెలో, ఆముదపు కాయలు కాల్చిన బూడిదనీళ్లలో మళ్లీ మళ్లీ నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. ఆ పని రోజుల తరబడి సాగుతుంది. నూలు మెత్తబడుతుంది, రంగు లోపలికంటా పడుతుంది. తరవాత లెక్క ప్రకారం ముడులు కట్టి ఎరుపు, నలుపు అద్దుతారు. ముడి కట్టిన చోట తెలుపు మిగులుతుంది. నేశాక చదరపు రుమాలు మీద పువ్వో, ఏనుగో, గడియారమో తేలుతుంది. ముడి దారం ఒక పోగు జరిగినా బొమ్మ చెదిరిపోతుంది. చాలాకాలం ఆ రుమాళ్లు అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు ఎగుమతి అయ్యేవి. అక్కడ మగవాళ్లు తలకు చుట్టుకునేవారు. మోటుపల్లి రేవు మూతపడినా, ఈ నల్లరేగడి పత్తికీ సముద్రానికీ ఉన్న చుట్టరికం చీరాల మగ్గాల మీదుగా అలా సాగింది. తేలియా పని చీరాలలో బాగా తగ్గిపోయి ఇప్పుడు తెలంగాణలోని పుట్టపాకలో నిలబడింది. పుట్టపాకకు పేరొచ్చినందుకు సంతోషమే. చీరాలలో ఆ విద్య తెలిసిన చేతులు ఉండగానే దాన్ని తిరిగి నేర్పించాలన్న తపన నాకు ఉంది.

ఆ చీరాలే 1921లో ఊరు ఊరంతా లేచిపోయింది. 1919లో ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘం చేసింది. పన్నులు వేలల్లోంచి పదివేలల్లోకి ఎగబాకాయి. జనం కట్టం అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకుడు. 1921 ఏప్రిల్ మొదట్లో గాంధీజీ చీరాల వచ్చారు. ఏప్రిల్ నెలాఖరులో జనం ఇళ్లకు తాళాలు వేసి, పురపాలక సంఘం హద్దు దాటి, బయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టారు. ఎండలో, వానలో సుమారు పదకొండు నెలలు ఉన్నారు. గీత ఎక్కడ గీస్తే అక్కడ పన్ను కట్టాలన్న ప్రభుత్వానికి, గీత అవతలికి నడిచి వెళ్లి జవాబు చెప్పారు. పద్నాలుగు, పదిహేను వేల జనాభా ఉన్న ఊళ్లలో అత్యధికులు వెళ్లారంటే ఆ నాయకుడి మాట బలం ఎంతో ఆలోచించండి. దుగ్గిరాల 1928లో, నలభై ఏళ్లు నిండకుండానే పోయాడు.

హద్దుల మాట వచ్చింది కాబట్టి బాపట్లను తలచుకోవాలి. 1913 మేలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది అక్కడే, బి.ఎన్. శర్మ అధ్యక్షతన. మద్రాసు రాజధానిలో తెలుగు జిల్లాలకు వేరే రాష్ట్రం కావాలన్న ఆలోచన సభాముఖంగా చర్చకు వచ్చింది అప్పుడే. భాషను బట్టి సరిహద్దు గీయాలన్న మాట నలభై ఏళ్లకు, 1953లో నిజమైంది.

ఇక వేటపాలెం. ఎంతసేపైనా ఉండాలనిపించే చోటు. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు, స్నేహితులు కలిసి పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన విరిగిన చేతికర్ర ఒకటి అక్కడ భద్రంగా ఉంది. చాలామంది దాన్ని చూసి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. దయచేసి కాసేపు ఆగండి. ఆ సంస్థ అసలు సంపద పాత పత్రికల సంపుటాలు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, ఇంకా ఎన్నో మాస, వార పత్రికలు, ఏళ్ల వారీగా కుట్టి దాచారు. పేజీ తిప్పితే అంచు చేతిలోకి రాలే కాగితం. అందుకే మెల్లగా, కింది నుంచి అరచెయ్యి ఆనించి తిప్పాలి. చీరాల పేరాల పోరాటం జరుగుతున్న రోజుల్లో మద్రాసులో అచ్చయిన వార్తను, ఆ పోరాటం జరిగిన చోటికి నాలుగు మైళ్ల దూరంలో కూర్చుని చదువుకోవచ్చు. ప్రభుత్వం పెట్టింది కాదు, జమీందారు పెట్టిందీ కాదు. ఒక చేనేత, వర్తక గ్రామం తన కోసం పెట్టుకున్న గ్రంథాలయం నూరేళ్లు దాటి నడుస్తోంది. దేశదేశాల పరిశోధకులు వెతుక్కుంటూ వస్తున్నారు. పక్కనున్న పర్చూరు, ఇంకొల్లు కాలేజీ పిల్లల్లో ఎంతమంది ఆ గడప తొక్కారో వాళ్ల ఉపాధ్యాయులు ఒకసారి అడగాలి. వచ్చేటప్పుడు వేటపాలెం జీడిపప్పు కూడా కొనుక్కోండి, దానికీ మంచి పేరుంది.

పర్చూరు నుంచి చీరాల పోయే దారిలోనే కారంచేడు. ఆ ఊరు రెండు రకాలుగా దేశానికి తెలుసు. పదమూడు భాషల్లో సినిమాలు తీసి ఫాల్కే పురస్కారం అందుకున్న దగ్గుబాటి రామానాయుడుగారు పుట్టిన ఊరు అది. 1985 జులై 17న ఆరుగురు దళితులను చంపిన ఊరూ అదే. తాగునీటి చెరువును మురికి చెయ్యొద్దని అన్నందుకు మొదలైన గొడవ, మర్నాడు మాదిగపల్లె మీద దాడిగా మారింది. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల వరకూ పరుగెత్తారు. అక్కడ శిబిరంలో తలదాచుకున్నారు. తిరిగి ఆ ఊరు పోము అన్నారు. అక్కడి నుంచి పుట్టిన ఉద్యమం ఆ ఏడాదే దళిత మహాసభ అయింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు దానికి ముందు నిలిచారు. ఈ దేశంలో దళిత రాజకీయం, తెలుగులో దళిత సాహిత్యం ఆ తరవాత ముందులా లేవు. ఊరు చూపించే మనిషి శాసనాల దగ్గర ఆగి, ఇక్కడ బస్సు దిగకుండా పోతే అది సగం చూపించడం. ఊరి మధ్య ఉండే గీత జిల్లాల గీత కన్నా లోతైనదని ఈ సీమకు అందరికన్నా బాగా తెలుసు.

నీళ్ల విషయం కొద్దిగా. ఇటు కృష్ణా పశ్చిమ డెల్టా కొమ్మమూరు కాలువ చివరి భూములు, అటు నాగార్జునసాగర్ కుడికాలువ చివరి భూములు. రెండు నీళ్లకూ చివరే. కాలువకు నీళ్లొదిలారన్న వార్త పేపర్లో వచ్చిన చాలా రోజులకు గానీ నీళ్లు ఇక్కడిదాకా రావు. వాన ఎక్కువైతే మాత్రం పర్చూరు వాగు అడక్కుండానే పొలాల్లోకి వస్తుంది. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. 1876-78 కరువులో పస్తులున్న జనానికి పని చూపించడానికి బకింగ్‌హాం కాలువలో ఒక భాగం తవ్వించారు. ఆ రోజుల్లో మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. పెదగంజాం నుంచి మద్రాసు దాటి మరక్కాణం దాకా పడవ దారి. బెజవాడ నుంచి మద్రాసు రైలు 1899లో మొదలయ్యాక కూడా పడవలు చాలాకాలం బియ్యం, ఉప్పు, కట్టెలు మోశాయి. ఇప్పుడు ఆ కాలువలో గుర్రపుడెక్క, పిచ్చిచెట్లు పెరిగి ఉన్నాయి. కొన్ని కిలోమీటర్లయినా శుభ్రం చేసి పడవ నడిపితే, పెదగంజాం నుంచి చినగంజాం ఉప్పుకొఠార్ల మీదుగా పోయే ఆ దారి మంచి విహారమవుతుంది.

ఇవన్నీ చూడాలంటే రెండు రోజులు చాలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచి కాలం, శనగ చేలు, మిరప కల్లాలు రెండూ కనపడతాయి. మొదటి రోజు పొద్దున్నే మోటుపల్లి వెళ్లండి. ఏటవాలు ఎండలో శాసనం అక్షరాలు కంటికి తేలిగ్గా ఆనతాయి, మిట్టమధ్యాహ్నం చదవలేరు. స్తంభానికి పసుపు, నూనె రాయకండి, సుద్దముక్కతో అక్షరాలు దిద్దకండి. అక్కడి నుంచి వేటపాలెం గ్రంథాలయం, సాయంత్రం చీరాల మగ్గాలు. రెండో రోజు కారంచేడు, పర్చూరు, ఇంకొల్లు కల్లాలు చూసుకుంటూ అద్దంకి చేరండి.

అలా తిరిగేవాళ్లకు దారి చెప్పే బోర్డు ఒక్కటి కూడా ఇప్పుడు లేదు. జిల్లా అధికారులకూ, పర్చూరు పంచాయతీకీ ఈ ప్రసంగం ద్వారా ఒక విన్నపం. పర్చూరు బస్టాండు గోడ మీద ఒక పెద్ద పటం వేయించండి. ఏ జిల్లా రంగూ వేయకుండా మోటుపల్లి, అద్దంకి, వేటపాలెం, చీరాల, కారంచేడు, బాపట్ల, పెదగంజాం, కొండవీడు అన్నీ ఉండాలి. దూరాలూ, బస్సు ఎక్కడ మారాలో కూడా రాయించండి. బస్సు కోసం నిలబడే కాలేజీ పిల్లలు అరగంటసేపు దాని ముందే ఉంటారు. హైస్కూలు మాస్టర్లు, మేడమ్‌లు ఏటా ఒకసారి పిల్లలను ఆ పటంలోని ఒక చోటికి తీసుకెళ్తే, వాళ్ల చేత అక్కడ చూసింది రాయిస్తే, కొన్నేళ్లలో ఈ సీమ చరిత్ర పుస్తకం పిల్లలే రాసేస్తారు.

శ్రోతల్లో పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు చుట్టుపక్కలవాళ్లు ఉంటే, మీ అటకల మీద తాతల నాటి పత్రికలు, కరపత్రాలు, పొగాకు కంపెనీ రసీదులు, పడవ సరుకు చీటీలు ఏవైనా చెదలకు చిక్కకుండా మిగిలి ఉంటే పారేయకండి. వేటపాలెం వెళ్లే రోజున ఓ కట్ట కట్టి తీసుకెళ్లి గ్రంథాలయంలో చూపించండి.